యుద్ధం రాకుండానే ఆక్రమణ చూసిన మన తాతలు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య హాస్టల్లో మేము కొందరం కలిసి ఒక పోలండ్ సినిమా చూశాం. పేరు ‘స్టోన్స్ ఫర్ ది ర్యాంపార్ట్’, 2014లో వచ్చింది. నిజంగా జరిగిన కథ. 1939 సెప్టెంబరులో జర్మనీ పోలండ్ మీద పడింది. ఆక్రమించాక యూనివర్సిటీలు, హైస్కూళ్లు మూసేసింది. ఆ దేశపు పిల్లలకు కూలి పనికి సరిపడా చదువు చాలన్నది వాళ్ల లెక్క. టీచర్లు ఊరుకోలేదు, ఇళ్లల్లో దొంగచాటుగా పాఠాలు చెప్పారు. వార్సా కుర్రాళ్లు గోడల మీద పడవ లంగరు బొమ్మ గీసేవాళ్లు. అదే వాళ్ల తిరుగుబాటు గుర్తు. వాళ్లలో ‘రూడి’ అని పిలిచే యాన్ బిత్నార్‌ను జర్మన్ పోలీసులు పట్టుకుని చిత్రహింస పెట్టారు. 1943 మార్చి 26న స్నేహితులు నడివీధిలో ఖైదీల బండి ఆపి విడిపించారు. నాలుగు రోజులకే ఆ దెబ్బలకు చనిపోయాడు. వయసు 21. అంటే మన వయసే.

ఊరు దాటాలంటే కాగితం. రాత్రయితే బయట కనపడకూడదు. చూస్తుంటే ఇది ఎక్కడో విన్నట్టే ఉందే అనిపించింది మాకు.

మాది కృష్ణపట్నం పక్క. కండలేరు ఉప్పునీళ్లలో పీతలు, రొయ్యలు పట్టి బతికిన యానాదులం. తెల్లవాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నెల్లూరు జిల్లాలో ఎరుకల వాళ్లను, యానాదుల్లో కొందరిని ఆ జాబితాలో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. రాత్రిళ్లు హాజరు, ఊరు దాటాలంటే చీటీ. కావలిలో, కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్లు పెట్టారు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసే సెక్షన్ కూడా ఆ చట్టంలో ఉంది. ఇదంతా దొంగతనం చేసినందుకు కాదు, ఆ జాతిలో పుట్టినందుకు. వార్సాలో రూడి చనిపోయిన 1943లో కూడా ఇక్కడ ఈ చట్టం నడుస్తానే ఉంది.

రెండూ ఒకటేనని మేము అనడం లేదు. అక్కడ లక్షల మందిని చంపారు. కానీ ఒక్క తేడా మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఆ కుర్రాళ్ల గురించి కామిన్‌స్కీ అనే వాళ్ల మనిషే అదే 1943లో పుస్తకం రాశాడు, రహస్యంగా అచ్చయింది. అందుకే సినిమా దాకా వచ్చింది. వాళ్ల బడులు మూసేశారు. మన తాతల్లో ఎక్కువమందికి అసలు బడే తెలియదు. అందుకే వాళ్ల గురించి ఎక్కువగా రాసింది పోలీసు రిజిస్టర్లే.

మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని ఎత్తేసింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. యానాది సంఘంతో పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు దీనికోసం ఏళ్ల తరబడి పోరాడారు, యానాదుల మీద పుస్తకమూ రాశారు. ఆయన మన జాతివాడు కాకపోయినా రాశారు. మరి మనం?

1947లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతున్నాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడగండి. హాజరు ఎక్కడ వేసేవాళ్లు, చీటీ ఎవరిచ్చేవాళ్లు, చీటీ లేకుండా ఎలా తప్పించుకునేవాళ్లు? ఫోన్‌లో రికార్డు చేయండి, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. మేము మా కాలనీ నుంచి మొదలుపెడుతున్నాం.