తొలి ఏడాదిలో ఆవుపాలు - శిశువుల ఎదుగుదల
(ప్రత్యేక వ్యాసం)

పాలు సంపూర్ణాహారమన్నది తెలుగునాట ప్రతి ఇంటా స్థిరపడిన విశ్వాసం. ఎదిగిన పిల్లల విషయంలో ఇది చాలావరకు యథార్థమే. అయితే ఏడాది నిండని శిశువుకు ఆవుపాలు గాని, గేదెపాలు గాని ప్రధాన ఆహారమైనప్పుడు అవే పాలు రక్తహీనతకు, ఎదుగుదల లోపానికి కారణం కాగలవు. పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఈ విషయమై ముఖ్యాంశాలను ఇక్కడ పొందుపరచడమైనది.

పాలలో వ్యత్యాసం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించగా చిరకాలంగా వాడుకలో ఉన్న పోషక విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల తల్లిపాలలో మాంసకృత్తులు 1.1 గ్రాములు కాగా, ఆవుపాలలో 3.2 గ్రాములు, గేదెపాలలో 4.3 గ్రాములు ఉన్నవి. కాల్షియం తల్లిపాలలో 28 మిల్లీగ్రాములు, ఆవుపాలలో 120, గేదెపాలలో 210 మిల్లీగ్రాములు. పుట్టిన కొద్దికాలానికే శరవేగంగా పెరగవలసిన దూడకు ఈ పాళ్లు తగినవి. మానవ శిశువుకు ఇవి అధికం. ఈ అదనపు మాంసకృత్తుల వ్యర్థాలను, లవణాలను పసిబిడ్డ మూత్రపిండాలు నీటితో కలిపి విసర్జించవలసి వచ్చును. అందువల్ల వేసవిలోను, విరేచనాలు పట్టుకున్నప్పుడును ఇట్టి శిశువుల దేహంలోని నీరు త్వరగా తరిగిపోయే ప్రమాదమున్నది.

రక్తహీనతకు దారితీసే తీరు

నెలలు నిండి పుట్టిన బిడ్డ దేహంలో తల్లి నుండి సంక్రమించిన ఇనుము నిల్వలు సుమారు ఆరు నెలల వరకు సరిపోవును. ఆ నిల్వలు తరుగుతున్న దశలో పశువుల పాలపై ఆధారపడితే నాలుగు విధాలుగా నష్టం కలుగును.

1. ఆవుపాలలో ఇనుము అత్యల్పం. తల్లిపాలలోను అది స్వల్పమే అయినా, దానిని శిశువు దేహం ఎంతో మెరుగుగా గ్రహించుకొనగలదు.
2. ఆవుపాలలోని కాల్షియం, కేసీన్ అను మాంసకృత్తు ఇతర ఆహారంలోని ఇనుమును సైతం దేహానికి అందనీయవు.
3. కొందరు శిశువులలో పేగుల లోపలి పొర నుండి కంటికి కనిపించనంత స్వల్పంగా రక్తం స్రవించును.
4. పాలతో కడుపు నిండిన బిడ్డ పప్పన్నం, గుడ్డు, ఆకుకూరల వంటి ఇనుముగల ఆహారాన్ని నిరాకరించును.

ఈ లోపం పైకి త్వరగా తెలియదు. బిడ్డ బొద్దుగానే కనిపించవచ్చును. రక్తం తగ్గి పాలిపోయిన మేనిని తెల్లని ఛాయగా పొరబడే సందర్భాలును కలవు. తొలి రెండేళ్లలో ఏర్పడిన తీవ్ర ఇనుము లోపం మెదడు వికాసంపై చూపే ప్రభావం అనంతర చికిత్సతో పూర్తిగా తొలగకపోవచ్చును. కనుకనే ఈ విషయమై జాప్యం తగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో రక్తహీనత దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతంగా నమోదైనది. ఇందుకు కారణాలు అనేకం. దీనినంతటినీ పాలకే ఆపాదించరాదు. అయితే నివారణకు సాధ్యమైన కారణాలలో ఇది ఒకటి.

నీళ్లు కలిపిన పాలు

పాలు చిక్కగా ఉంటే అరగవన్న భావనతో సగానికి సగం నీళ్లు కలిపి పట్టడం పలుచోట్ల ఆచారంగా ఉన్నది. 100 గ్రాముల ఆవుపాలు 67 కేలరీల శక్తినిచ్చును. సమానంగా నీరు చేరిస్తే అంతే పరిమాణంలో లభించేది దాదాపు 34 కేలరీలే. చిన్న కడుపు నిండును గాని ఆకలి తీరదు, బరువు పెరగదు. నీరు, సీసా పరిశుభ్రంగా లేనిచోట విరేచనాలు తోడై ఎదుగుదల మరింత కుంటుపడును. సాధారణంగా పుట్టినప్పటి బరువు ఐదు నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు కావలెను. అంగన్‌వాడీ కేంద్రంలోని ఎదుగుదల పట్టికలో గీత సమతలంగా సాగుతున్నచో, బిడ్డకు ఏ పాలు ఎలా పడుతున్నారో మొదట విచారించవలసియున్నది.

తల్లులు పోతపాలను ఆశ్రయించడం ఎందుకు?

తన పాలు చాలడం లేదన్న సందేహం ప్రధాన కారణం. బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతున్నచో పాలు చాలినట్లే. రెండవది కూలి పనికి తిరిగి వెళ్లవలసిన అగత్యం. 2017 చట్టసవరణతో లభించిన 26 వారాల ప్రసూతి సెలవు వ్యవసాయ కూలీ తల్లులకు అక్కరకు రాదు. అట్టివారు పాలను శుభ్రమైన పాత్రలో పిండి ఉంచితే ఇంటివారు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చును. ఆరోగ్య కారణాల వల్ల తల్లిపాలు లభ్యం కానిచోట పశువుల పాలు మొదలుపెట్టక ముందే వైద్యుని సంప్రదించవలెను.

వయసును బట్టి పాటించవలసినవి

- ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు మాత్రమే. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ మేరకు తీర్మానించినది. ఈ దశలో మంచినీరు సైతం అవసరం లేదు.
- ఆరు నెలలు నిండగానే తల్లిపాలతోపాటు మెత్తని అనుబంధ ఆహారం. మన అన్నప్రాశన ఆచారం ఈ వయసుకే చెందినది. పెరుగు, వంటలో వాడిన పాలు మితంగా ఇవ్వవచ్చును. పాలే ప్రధానాహారం కారాదు.
- తల్లిపాలు లభించని 6-11 నెలల పిల్లలకు ఫార్ములా పాలు గాని, పశువుల పాలు గాని ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు పేర్కొన్నవి. ఏడాది నిండేవరకు ఆవుపాలు వద్దని అమెరికా శిశువైద్యుల సంఘం సూచన. పశువుల పాలు అనివార్యమైనచో ఇనుముగల ఆహారం తప్పనిసరి అన్నది గ్రహించవలెను.
- ఏడాది దాటిన పిల్లలకు కాచిన, వెన్న తీయని పాలు రోజుకు అర లీటరుకు మించకుండా, సీసాతో గాక గ్లాసుతో ఇవ్వవలెను.
- 2018లో ఆరంభమైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం కింద ఆరు నెలలు నిండిన పిల్లలకు వారానికి రెండుమార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్, ఫోలిక్ ఆమ్లం సిరప్ నిర్దేశించడమైనది.

తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకంలో రోజుకు 200 మిల్లీలీటర్ల పాలను గర్భిణికి, బాలింతకు నిర్దేశించడం గమనార్హం. పాలు తల్లికి, తల్లిపాలు బిడ్డకు అన్నదే ఇందలి సూత్రం.

పాత్రికేయులకు సూచన

శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాల సీసాలు, శిశు ఆహారాల 1992 చట్టం, దాని 2003 సవరణ ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు ఉద్దేశించిన ఈ ఉత్పత్తుల ప్రకటనలు ఏ మాధ్యమంలోనైనను నిషిద్ధం. ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించవచ్చును. వార్తల్లో "ఆవుపాలు హానికరం" అని సామాన్యీకరించడం సరికాదు. అట్టి శీర్షిక వల్ల రెండు, మూడేళ్ల పిల్లలకు సైతం పాలు మానిపించే ప్రమాదమున్నది. పాలలో దోషం లేదు, వేళ తప్పి ఇవ్వడంలోనే దోషమున్నదని స్పష్టంగా తెలియజేయవలసియున్నది.