పరీక్షించే చేతికి పరీక్ష

జగ్గయ్యపేట పరిసరాల్లో భూమి ఇచ్చే ముఖ్యమైన సంపద సున్నపురాయి. ఈ ప్రాంతపు మనుషులకు ఆ రాయితో పరిచయం నిన్న మొన్నటిది కాదు. ఊరికి దగ్గరలో ధనంబోడు అనే గుట్ట ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురాతత్త్వవేత్త అక్కడి బౌద్ధస్తూపపు శిథిలాలను తవ్వించి, చెక్కడపు పలకలను, శాసనాలను వెలికితీశాడు. శాసనాలు క్రీ. శ. 3వ శతాబ్దం నాటివి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో వేయించినవి. స్తూపం తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను నిలిపినవాడు సిద్ధార్థుడనే శిల్పి అనీ, అతని తండ్రి నాగచంద్రుడు కూడా శిల్పియేననీ అవి తెలుపుతున్నవి. శాసనంలో ఆ ఇద్దరికీ వాడిన మాట ‘ఆవేసని’. అంటే చేతిపనిలో ఆరితేరినవాడు అన్నమాట.

ఏ రాయి ఉలికి లొంగుతుందో, ఏది బరువు మోస్తుందో, ఏది ఎండకు పగులుతుందో శిల్పికి తెలియాలి. తెలియకపోతే స్తంభం నిలవదు. అటువంటి తెలివి పుస్తకాల్లో లేని కాలంలో తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకొనేవాడు. పదార్థ పరీక్షకు అదే మొదటి బడి.

ఈనాటికీ మన ఊళ్ళలో ఆ బడి పూర్తిగా మూతపడలేదు. తాపీమేస్త్రీ రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టి, ఖంగుమని మోగితే బాగా కాలినదంటాడు. బొద్దుగా మోగితే పక్కన పెడతాడు. గోటితో గీసి గీత పడుతుందేమో చూస్తాడు. సిమెంటు బస్తాలో చెయ్యి పెట్టి, చల్లగా ఉన్నదా, ఉండలు కట్టినదా అని చూస్తాడు. వీటిని మూఢనమ్మకాలని తోసిపుచ్చరాదు. కాలని ఇటుకలోనూ, లోపల పగిలిన ఇటుకలోనూ ధ్వని త్వరగా అణగిపోతుంది. కనుక మేస్త్రీ చెవి పట్టుకున్నది నిజమైన భేదాన్నే.

అయితే ఈ పద్ధతికి ఒక పెద్ద లోటు ఉన్నది. మేస్త్రీ ‘బాగున్నది’ అంటే ఎంత బాగున్నట్లు? ఒక మేస్త్రీ బాగున్నదన్నది మరొకరికి బాగుండకపోతే ఎవరి మాట నమ్మాలి? చేతిలోని తెలివిని ఆ చేతినుంచి విడదీసి, కాగితం మీద అంకెగా పెట్టగలిగితేనే ఈ తగవు తీరుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆవిరి యంత్రాలు, ఇనుప వంతెనలు, రైళ్ళు వచ్చేసరికి ఈ అవసరం ప్రాణాల మీదికి వచ్చింది. ఆ కథ కొంతసేపు మనలను లండన్ నగరానికి తీసుకొనిపోతుంది.

అభిప్రాయాలు కాదు, వాస్తవాలు

డేవిడ్ కర్కాల్డీ (1820–1897) స్కాట్లండు దేశీయుడు. గ్లాస్గోలో ఓడలు, ఆవిరి యంత్రాలు నిర్మించే నేపియర్ కంపెనీలో పనిచేస్తూ, చేత ఇనుమునూ ఉక్కునూ పోల్చి వందలకొలది పరీక్షలు చేశాడు. ఆ ఫలితాలను 1862లో గ్రంథంగా ప్రకటించాడు. తరువాత లీడ్స్ నగరంలో తన లెక్కల ప్రకారం ఒక మహాయంత్రాన్ని చేయించుకొని, 1866లో లండన్‌లో పరీక్షాలయం తెరిచాడు. ఆ యంత్రం పొడవు 14 మీటర్లకు పైగా ఉంటుంది. బరువు 116 టన్నులు. నీటి ఒత్తిడితో పనిచేసి, 10 లక్షల పౌండ్ల బలం వరకు ప్రయోగించగలదు. లాగటం, నొక్కటం, వంచటం, మెలితిప్పటం అన్నీ దానితో చేయవచ్చు.

కర్కాల్డీ ఇనుము అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు. రుసుము తీసుకొని ఎవరి నమూనానైనా పరీక్షించి, వచ్చిన అంకెను వచ్చినట్లు రాసి ఇచ్చేవాడు. 1874లో పరీక్షాలయం సౌత్‌వర్క్ వీథిలోని కొత్త భవనానికి మారింది. ఆ భవనపు ద్వారం మీద ‘అభిప్రాయాలు కాదు, వాస్తవాలు’ అనే అర్థం వచ్చే మాటలు చెక్కించాడు. విరిగిన నమూనాలను పారవేయక ఒక ప్రదర్శనశాలగా భద్రపరచాడు. విరిగిన ముఖాన్ని చూచి విరగటానికి కారణం చదవటం కూడా పరీక్షకుడు నేర్వవలసిన విద్యే గదా!

1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే నది వంతెన తుపానుగాలికి కూలిపోయింది. అప్పుడు దానిమీద పోతున్న రైలులోని వారొక్కరూ బ్రతకలేదు. విచారణలో భాగంగా వంతెన ఇనుప భాగాలను కర్కాల్డీ పరీక్షాలయంలో లాగి చూశారు. పోత ఇనుముతో చేసిన కొక్కేల వంటి చెవులు, లెక్క ప్రకారం ఆగవలసిన బలానికి ఎంతో ముందే తెగిపోయినవి. వంతెన కట్టకముందే చేయవలసిన పరీక్ష అది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నట్లయింది.

కర్కాల్డీ తరువాత అతని కుమారుడు విలియం జార్జి పరీక్షాలయాన్ని నడిపాడు. ఆయన 1914లో చనిపోగా, ఆయన భార్య యానీ బాధ్యత స్వీకరించింది. ఆ తరువాత మనుమడు డేవిడ్ 1965 వరకు పనిచేశాడు. దాదాపు నూరేళ్ళపాటు ఆ సంస్థ విద్య ఒకే ఇంట్లో ఉన్నది. జగ్గయ్యపేట శాసనంలోని తండ్రీకొడుకుల పద్ధతే ఇక్కడా కనిపిస్తున్నది. భేదం ఒకటే: లండన్‌లో చేతితోపాటు అంకె కూడా వారసులకు అందింది.

ఒకే సిమెంటు, వేరు వేరు అంకెలు

సిమెంటు సంగతి ఇనుము కంటే చిక్కైనది. ఇనుపకడ్డీ పరీక్షకుని చేతికి తయారుగా వస్తుంది. సిమెంటు అట్లా కాదు. అది పొడిగా వస్తుంది. దానిని నీటితో కలిపి, అచ్చులో పోసి, గట్టిపరచి, నమూనాను పరీక్షకుడే తయారు చెయ్యాలి. కనుక విరిగేటప్పుడు వచ్చే అంకెలో సిమెంటు గుణంతోపాటు చేతి గుణం కూడా కలుస్తుంది.

జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లండు సిమెంటుకు పేటెంటు పొందాడు. 1859 నుంచి లండన్ మురుగు కాలువల నిర్మాణంలో జాన్ గ్రాంట్ అనే ఇంజనీరు, కంపెనీల నుంచి వచ్చే సిమెంటును క్రమం తప్పక పరీక్షించే పద్ధతి పెట్టాడు. మధ్య సన్నంగా ఉండే అచ్చుల్లో పోసి, లాగి తెంచి, బలం చూసేవాడు. త్వరలోనే ఇతర దేశాలకూ పరీక్షలు వ్యాపించాయి. కాని ఇసుక మారితే అంకె మారింది; నీరు మారితే అంకె మారింది; కలిపే మనిషి మారినా అంకె మారింది. అందువల్ల మ్యూనిక్ నగరంలోని ఆచార్య యోహాన్ బౌషింగర్ 1884లో పరీక్షకులను సమావేశపరచాడు. అందరూ ఒకే రీతిగా పరీక్షించాలని ఆ సమావేశం ప్రయత్నం ఆరంభించింది.

మన దేశంలో 1912లో కలకత్తాలోని ఆలీపూర్‌లో ప్రభుత్వ పరీక్షాలయం వెలసింది. 1947లో భారత ప్రమాణాల సంస్థ ఏర్పడింది. 1987 నుంచి దానిని భారత ప్రమాణాల బ్యూరో అంటున్నారు. సిమెంటుకు భారత ప్రమాణం 1951లో వచ్చింది. 1962లో స్థాపించిన భారత సిమెంటు పరిశోధన సంస్థ నేడు సిమెంటు, నిర్మాణ పదార్థాల జాతీయ మండలిగా పనిచేస్తున్నది. పరిశోధనతోపాటు కర్మాగారాల సిబ్బందికి శిక్షణ ఇవ్వటం దాని పనుల్లో ఒకటి. హైదరాబాదులోనూ దానికి కేంద్రం ఉన్నది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కృష్ణ ఆవలి ఒడ్డున మాచర్లలో కె. సి. పి. సిమెంటు కర్మాగారం 1958లో ఉత్పత్తి ఆరంభించింది. జగ్గయ్యపేట దగ్గర జయంతిపురంలో మద్రాసు సిమెంట్స్ కర్మాగారం 1980 తరువాతి దశాబ్దంలో వచ్చింది. ఆ కంపెనీ పేరు ఇప్పుడు రామ్‌కో. ముక్త్యాలలో కె. సి. పి. రెండవ కర్మాగారం 2011లో వచ్చింది. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టప్రాంతంలో సున్నపురాయి బట్టీల్లో కాలి సిమెంటవుతున్నది. శిల్పికి చేతి తెలివి ఎంత అవసరమో, ఇటువంటి కర్మాగారపు ప్రయోగశాలలోని యువకునికీ అంతే అవసరం.

కొత్తవాడు ఏమి నేర్చుకోవాలి?

సిమెంటు బస్తా మీద 43 అనో 53 అనో ఉంటుంది. ప్రమాణం ప్రకారం చేసిన దిమ్మ 28 రోజుల తరువాత చదరపు మిల్లీమీటరుకు కనీసం అన్ని న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలని దాని అర్థం. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ప్రామాణికమైన ఇసుక కలపాలి. తమిళనాడులోని ఎన్నూరు ఇసుకను ఇందుకు ఎన్నుకున్నారు. దిమ్మ భుజం 70.6 మిల్లీమీటర్లు. గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, అటూ ఇటూ 2 డిగ్రీలు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. మరి శిక్షణ దేనికి?

కట్టుబడి జరిగేచోట తీసే 15 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మను ఉదాహరణగా తీసుకుందాం. దాని ఒక ముఖపు వైశాల్యం 22,500 చదరపు మిల్లీమీటర్లు. 5,62,500 న్యూటన్ల బలం దగ్గర అది నలిగితే బలం 25 అవుతుంది. ఇది ఎనిమిదో తరగతి లెక్క. కాని ఈ క్రిందివి చూడండి.

దిమ్మను అచ్చులో పోసినప్పుడు పైకి ఉన్న ముఖం తాపీతో సాపుచేసినది. అది ఎంత సాపుగా కనబడినా ఎత్తుపల్లాలు ఉంటాయి. ఆ ముఖాన్ని యంత్రపు పలకకు ఆనిస్తే బరువు ఎత్తుల మీదనే పడి, దిమ్మ ముందే నలుగుతుంది. కనుక అచ్చు పక్కలకు ఆనిన నున్నని ముఖాలనే పలకలకు ఆనించాలి. బలాన్ని చదరపు మిల్లీమీటరుకు నిమిషానికి 14 న్యూటన్ల చొప్పున పెంచాలి; అంటే మన దిమ్మ నలగటానికి రెండు నిమిషాలకు కొంచెం తక్కువ పడుతుంది. తొందరపడి బలం పెంచితే లోపలి పగుళ్ళు పెరిగే వ్యవధి ఉండదు; అంకె అన్యాయంగా ఎక్కువ వస్తుంది. నీటిలోనుంచి తీసిన దిమ్మను ఆరబెట్టి నలగ్గొట్టినా అంకె ఎక్కువే. నీటిలో తగినన్నాళ్ళు ఉంచకపోతే తక్కువ. ఈ తప్పులన్నీ ఒకే దిక్కుకు లాగవు. కొన్ని ఒకదాని నొకటి కప్పిపుచ్చి, రెండు తప్పులతో ఒక ఒప్పు అంకెను కూడా ఇవ్వగలవు!

అందుకే అనుభవం కలవాడు అంకెతో తృప్తిపడడు. నలిగిన దిమ్మను చూస్తాడు. సరిగా నలిగిన దిమ్మలో పక్కలు రాలిపోయి, మధ్య సన్నగా డమరుకం ఆకారం మిగులుతుంది. ఒక మూల మాత్రమే చితికితే దిమ్మను వంకరగా పెట్టినట్లే.

కొత్తవాని చేతిని ఎట్లా పరీక్షిస్తారు? ఒకే సిమెంటును అనుభవజ్ఞునికీ అతనికీ ఇచ్చి, దిమ్మలు చేయించి పోలుస్తారు. పాతవాని మూడు దిమ్మలు 52, 53, 54 ఇచ్చాయనుకోండి, సగటు 53. కొత్తవానివి 45, 53, 58 అయితే సగటు 52. సగటులు దాదాపు సమానం. కాని మొదటి చేతిలో భేదం 2, రెండవ చేతిలో 13. సగటు ఒక్కటే చూచేవాడు మోసపోతాడు. ఇట్లాగే ఒకే నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపి, ఫలితాలను పోల్చి చూచే ఏర్పాటు కూడా ఉన్నది. ప్రయోగశాలల సామర్థ్యాన్ని గుర్తించే అంతర్జాతీయ ప్రమాణం 17025లో యంత్రాల విషయంతోపాటు సిబ్బంది విషయం కూడా నియమమైనది. ఎవరికి ఏ శిక్షణ ఇచ్చారు, ఏ పరీక్ష చేయటానికి ఎవరికి అధికారం ఇచ్చారు అనే వివరాలు రాసి ఉంచాలి. పరీక్షాసంస్థలో ఎవరు చేరారు, ఎవరు శిక్షణ ముగించారు అన్న వార్త ఇంటి ముచ్చట కాదు. ఆ సంస్థ ఇచ్చే ప్రతి అంకెకూ అది సాక్ష్యం.

ఎందుకంటే అంకె వచ్చేది 28 రోజుల తరువాత. అప్పటికి ఆ సిమెంటుతో పైకప్పు పోశారు, దాని మీద పై అంతస్తు గోడలు లేస్తున్నాయి. 25 రావలసిన చోట 18 వస్తే, ఆ 18ని ఉన్నదున్నట్లు రాయటానికి ధైర్యం కావాలి. పైవాడు మొహం చిట్లించవచ్చు, పని ఆగిపోవచ్చు. 18ని 25గా దిద్దితే ఆ రోజుకు అందరూ సుఖంగా ఉంటారు. ఆ కప్పు క్రింద నిద్రపోయేవాళ్ళకు మాత్రం ఆ సంగతి తెలియదు. బలం పెంచే వేగాన్ని నేర్పినట్లే, నచ్చని అంకెను రాయటం కూడా నేర్పవలసిన విద్య. యంత్రం అది నేర్పలేదు. పక్కన నిలబడిన పెద్దవాడే నేర్పాలి.

ఆ విద్యకు పునాది ఉన్నత పాఠశాలలోనే పడుతుంది. లోలకం ప్రయోగంలో విద్యార్థికి ఐదు కొలతల్లో ఒకటి తేడాగా వస్తే, దానిని చెరిపివేసి ‘సరియైన’ అంకె రాయటం మన తరగతుల్లో చూస్తున్నదే. ఉపాధ్యాయులు ఆ కొలతను చెరపనివ్వక, పక్కన కారణం రాయించాలని మనవి. మంచి సమాధానానికి కాక నిజమైన కొలతకు మార్కులు వేస్తే, రేపు జయంతిపురంలోనో, ముక్త్యాలలోనో, మరెక్కడనో పరీక్షాపత్రం క్రింద సంతకం పెట్టే చేతులు ఈ తరగతుల్లోనుంచే తయారవుతాయి.