కంప్యూటర్ నెట్‌వర్క్ సంగీతం

వేర్వేరు కంప్యూటర్లను తీగలతో కలిపి, ఒకటి పలికిన స్వరాన్ని బట్టి మరొకటి తన బాణీ మార్చుకునేలా చేసే సంగీతాన్ని కంప్యూటర్ నెట్‌వర్క్ సంగీతం అంటారు. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో పొరుగున ఉన్న ఓక్లాండ్, బర్క్లీ పట్టణాల్లో 1978 ప్రాంతంలో ఇది రూపుదిద్దుకుంది. కంప్యూటర్ చేత సంగీతం పలికించడం అప్పటికే పాతమాట. 1957లోనే బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ ఆ పని చేశాడు. అయితే ఆ యంత్రాలు పెద్ద సంస్థల సొత్తు. 1976లో ఎంఓఎస్ టెక్నాలజీ 245 డాలర్లకు అమ్మిన కిమ్-1 ఆ కట్టు తెంచింది. దానికి పెట్టె లేదు, తెర లేదు. ఉన్నదల్లా ఒక సర్క్యూట్ పలక, చిన్న కీప్యాడ్, ఆరు అంకెలు చూపే ఎర్రదీపాలు, 1152 బైట్ల మెమరీ. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది కనుక, ఈ పేరా కూడా అందులో పట్టదు.

ఈ పేదరికమే కొత్త సంగీతానికి దారి చూపిందని చెప్పాలి. ఒక్క కిమ్ చేయగలిగింది బహు కొంచెం, కాబట్టి రెండోదాని తోడు కావాలి. స్వరకర్తలు జిమ్ హార్టన్, జాన్ బిషాఫ్ 1978లో తమ యంత్రాలను జతచేసినప్పుడు, బిషాఫ్ యంత్రం అప్పుడప్పుడు పలికే స్వరాన్ని పట్టుకుని హార్టన్ యంత్రం తన బాణీ మొత్తాన్ని ఆ స్థాయికి జరుపుకునేది. ఆధార షడ్జం మారితే పాటంతా జరిగినట్టే, కాకపోతే ఇక్కడ శ్రుతి పెట్టేదీ యంత్రమే. ఆ నవంబరులో రిచ్ గోల్డ్, డేవిడ్ బెర్మన్ కూడా కలిసి నలుగురూ బర్క్లీలో కచేరీ చేశారు. ఈ బృందమే 'లీగ్ ఆఫ్ ఆటోమేటిక్ మ్యూజిక్ కంపోజర్స్'. తర్వాత టిమ్ పెర్కిస్ చేరాడు. బృందం 1983 దాకా నడిచింది.

ఇది సంగీతమా, యాదృచ్ఛిక ధ్వనుల గందరగోళమా అని అడగవచ్చు. వినడానికి గందరగోళంగా ఉండే ఘట్టాలు లేకపోలేదు. కాని పాచికలు వేసి తేల్చే స్వరానికి పక్క స్వరంతో పని లేదు. ఇక్కడ ప్రతి ప్రోగ్రామూ పక్క యంత్రం పంపింది చూసుకునే అడుగు వేస్తుంది. 1951లో జాన్ కేజ్ పన్నెండు రేడియోలతో చేసిన రచనను దీనికి పూర్వరూపం అనేవారూ ఉండవచ్చు. ఆ రేడియోలు ఒకదాని మాట ఒకటి వినలేదు. వీటన్నిటికంటే బరువైన ఆక్షేపణ మరొకటుంది: ఇదంతా ఒకే పెద్ద కంప్యూటర్‌లో చేయలేమా? ధ్వనుల వరకైతే చేయవచ్చు. అప్పుడు ప్రోగ్రామంతా ఒకరి ఊహలోంచి వస్తుంది. లీగ్‌లో ఎవరి ప్రోగ్రాము వారిదే, కలయికలో ఏం పుడుతుందో రాసినవారికీ ముందు తెలియదు. ఆ అర్థంలో వాద్యం కంప్యూటర్ కాదు, వాటి మధ్య తీగ.

అయితే ఆ తీగే వారికి తలనొప్పి కూడా. కచేరీకి ముందు యంత్రాలను కలపడానికే గంటలు పట్టేది. అందుకని బిషాఫ్, పెర్కిస్ మధ్యలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, అందరూ రాసి అందరూ చదువుకునే ఉమ్మడి మెమరీగా దాన్ని వాడారు. దాని పేరే 1980ల నడుమ పుట్టిన కొత్త బృందానికి వచ్చింది: 'ది హబ్'. 1987లో ఆరుగురు సభ్యులు ముగ్గురు ముగ్గురుగా విడిపోయి, న్యూయార్క్‌లో రెండు చోట్ల నుంచి టెలిఫోన్ మోడెమ్ ద్వారా కలిసి వాయించారు. పదేళ్ల తర్వాత, 1997లో, అంతకంటే ఎన్నో రెట్లు శక్తిగల కంప్యూటర్లతో ఇంటర్నెట్ మీద మూడు ఊళ్ల నుంచి వాయించబోతే, సాంకేతిక చిక్కులే కచేరీని మింగేశాయి.