ఏజెన్సీ నుంచి ఎన్‌క్రోచర్ దాకా: మన మీద రాసిన ఇంగ్లీషు మాటల చరిత్ర



మన గ్రూప్‌లో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్ళున్నారు, లా కాలేజీలో చేరిన తమ్ముళ్ళు చెల్లెళ్ళున్నారు. నేరం, పోలీసు, కోర్టుకి సంబంధించిన ఇంగ్లీషు మాటల లిస్టులు ఇక్కడ అప్పుడప్పుడు తిరుగుతుంటాయి. అక్యూజ్డ్ అంటే నిందితుడు, విట్నెస్ అంటే సాక్షి, బెయిల్ అంటే జామీను అని. పరీక్షకి అవి పనికొస్తాయి, కాదనను. కానీ ఈ మాటల్లో చాలావాటికి మన కొండల్లో ఒక చరిత్ర ఉంది. ఏ మాట ఎప్పుడొచ్చింది, ఎవర్ని జైలుకి పంపింది, ఎవరి ఎడ్లు తోలుకుపోయింది అన్నది తెలిస్తే బట్టీ పట్టే పనే ఉండదు. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. కోర్టు మాటల్లో మనం తెలుగు అనుకునేవి చాలావరకు తెలుగు కావు. వకీలు, జామీను, జప్తు, దావా, రాజీ, ఖైదీ, జరిమానా, ఇవన్నీ అరబీ ఫారసీ మాటలు. నవాబుల కచేరీల నుంచి తెలుగులోకి దిగాయి. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడే మనిషికి బెయిల్ ఎంత కొత్తో జామీనూ అంతే కొత్త. అంటే కోర్టు మన తాతలతో ఎప్పుడూ ఇంకొకరి భాషలోనే మాట్లాడింది. మధ్యలో నిలబడి అర్థం చెప్పినవాడు ఏం చెబితే అదే నిజమైంది. ఈ మాట గుర్తుపెట్టుకుని ముందుకెళ్దాం.

ఏజెన్సీ

మనం రోజూ అనే మాట ఇది. "మాది ఏజెన్సీ" అంటాం. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి ఒక చట్టం చేశారు. ఆ ఏడు కంపెనీ ప్రభుత్వం చేసిన 24వ చట్టం అది. దాని ప్రకారం ఆ ప్రాంతాలకి మామూలు కోర్టులు ఉండవు. కలెక్టరే గవర్నర్‌కి ఏజెంటు. సివిల్ తగాదా అయినా, నేరం అయినా ఆయన చేతిలోనే. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. శిస్తు వసూలు చూసేదీ, విచారణ జరిపేదీ ఒకే దొర అన్నమాట. 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ యాక్ట్ వచ్చింది. ఇవాళ రాజ్యాంగం 5వ షెడ్యూల్లో మనం చదివే షెడ్యూల్డ్ ఏరియా అన్న మాటకి వేరు అక్కడుంది.

ఎక్స్ పార్టీ డిక్రీ

ఒక పక్షం రాకుండానే ఇచ్చే తీర్పు. లా చదివేవాళ్ళకి మొదటి ఏడాదే వచ్చే మాట. మన వాళ్ళకి మాత్రం ఇది 1879లోనే బాగా తెలుసు.

1839 ఏర్పాటు గోదావరి జిల్లాలోని రంప కొండలకి లేదు. అక్కడికి మైదానం నుంచి వర్తకులు వచ్చేవారు. అప్పు ఇచ్చి, కొండ సరుకు ఇంత ఇవ్వాలని కాగితం రాయించుకునేవారు. కాగితంలో ఏముందో వేలిముద్ర వేసినవాడికి తెలీదు. తర్వాత మైదానంలోని కోర్టులో దావా వేసేవారు. కొండ మీది మనిషి వాయిదాకి వెళ్ళడు. వెళ్ళాలని కూడా తెలీదు. డిక్రీ వచ్చేసేది. అది పట్టుకుని పశువుల్నీ పంటనీ జప్తు చేసేవారు. 5 రూపాయల అప్పుకి 100 రూపాయల సొత్తు పట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయని ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న గోదావరి జిల్లా గెజిటీర్లోనే ఉంది.

దీనికి తోడు మన్సబుదారు కల్లు మీద వేసిన చిగురు పన్ను, పోలీసుల వసూళ్ళు. 1879 మార్చిలో చోడవరం దగ్గర తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటి వాళ్ళు నడిపించారు. గొలుగొండ వైపూ, భద్రాచలం, రేకపల్లి వైపూ పాకింది. అణచడానికి సైన్యం రావాల్సొచ్చింది.

దీన్ని సర్కారు కాగితాల్లో "ఫితూరీ" అని రాశారు. తిరుగుబాటు, అల్లరి అని వాళ్ళ అర్థం. అదే మాట తెలుగులో "పితూరీ" అయింది. పితూరీ చెప్పడం అంటే ఫిర్యాదు చెయ్యడం. ఆలోచించండి. రంపలో జరిగింది ఆ రెండోదే. కోర్టులో వినిపించుకోని ఫిర్యాదుని మన వాళ్ళు స్టేషన్ల దగ్గర వినిపించారు.

ఫారెస్ట్ అఫెన్స్

1882లో మద్రాస్ ఫారెస్ట్ యాక్ట్. రిజర్వ్ అన్న మాట అప్పటినుంచే మన ఊళ్ళ చుట్టూ గీత గీసింది. గీత లోపల పోడు కొడితే నేరం, చెట్టు కొడితే నేరం, పశువులు మేస్తే నేరం. తాత బతుకుతెరువు మనవడికి అఫెన్స్ అయింది. మనిషి మారలేదు, పని మారలేదు, కాగితం మారింది.

ఇందులోనే కాంపౌండింగ్ అని ఒక మాట ఉంది. అఫెన్స్‌కి డబ్బు కట్టించుకుని, కోర్టుకి పంపకుండా కేసు మూసెయ్యడం. చట్టంలో ఉన్నదే, తప్పు కాదు. కానీ చదువు రాని మనిషికి ఆ డబ్బు కాంపౌండింగ్ ఫీజా, గార్డు జేబులోకి పోయిందా ఎలా తెలుస్తుంది? రసీదు అడగాలన్న సంగతే తెలీదు. కోడినో మేకనో ఇచ్చి బయటపడిన కథలు మీ ఇళ్ళల్లో ముసలోళ్ళని అడగండి, చెప్తారు.

గూడెంలో అడవి ఆంక్షలకి రోడ్డు పని తోడైంది. డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా చేయించిన పని అది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజుతో కలిసి దాడిచేసి తుపాకులు పట్టుకుపోయింది గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి మన వాళ్ళే. ఆ కేసులో మల్లుదొర కన్విక్ట్. అంటే నేరం రుజువై శిక్షపడినవాడు. జైలు అనుభవించి బయటికొచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. కన్విక్ట్ అన్న మాట చదివినప్పుడు ఈ పేరు గుర్తు తెచ్చుకోండి.

అటు నిజాం రాజ్యంలో చట్టం ఉర్దూలో నడిచింది, బాధ మాత్రం ఇదే. పోడు కొట్టుకున్న గోండు, కొలాం గూడేల్ని అటవీ సిబ్బంది ఖాళీ చేయించారు. కొమరం భీం అర్జీలు పెట్టి, వినేవాళ్ళు లేక, జోడేఘాట్ కొండల్లో 1940లో పోరాడి చనిపోయాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ని పిలిపించి మన పరిస్థితి కనుక్కుంది.

క్రిమినల్ ట్రైబ్

ఇప్పటిదాకా చెప్పిన మాటలన్నీ మనిషి చేసిన పనికి పెట్టిన పేర్లు. ఇది పుట్టుకకి పెట్టిన పేరు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఒక తెగని నోటిఫై చేస్తే చాలు, ఆ తెగలో ఎవరైనా రిజిస్టర్‌లోకి ఎక్కొచ్చు. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటితే చెప్పి వెళ్ళాలి. కొందర్ని కుటుంబాలతో సహా సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిందే. ఎరుకల కుటుంబాల్ని అక్కడ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు ఊరికి పెట్టారు. ఆ ఊరి పేరు చెబితే దొంగలని సినిమాల్లో ఇప్పటికీ చూపిస్తున్నారంటే ఒక మాటకి ఎంత ఆయుష్షో చూడండి.

1952 ఆగస్టు 31న దేశమంతా ఈ చట్టం పోయింది. ఆ తెగలు డీనోటిఫైడ్ అయ్యాయి. కానీ హాబిచువల్ అఫెండర్ అనే ఇంకో మాట వచ్చి కూర్చుంది. అలవాటుగా నేరం చేసేవాడు అని. పైకి ఇది తెగ పేరు చెప్పదు. కానీ పలు రాష్ట్రాల జైలు నిబంధనల్లో పాత వాసన అలాగే ఉండిపోయింది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు కులాన్ని బట్టి జైల్లో పని అప్పగించే నిబంధనల్ని కొట్టేసింది. డీనోటిఫైడ్ తెగలవాళ్ళని పుట్టుకని బట్టి హాబిచువల్ అఫెండర్లుగా చూడొద్దని చెప్పింది. 1871 నుంచి లెక్కేస్తే 153 ఏళ్ళు.

పర్సన్, ప్రిజంప్షన్

మాటలు మనకి చెడే చేశాయని అనుకోకండి. మనల్ని కాపాడినవీ ఉన్నాయి.

1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు. మనం వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. అందులో ప్రిజంప్షన్ అన్న మాట చూడండి. రుజువయ్యేదాకా ఇదే నిజమని చట్టం ముందే అనుకోవడం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందే అని చట్టం అనుకుంటుంది. కాదంటే వాడే రుజువు చేసుకోవాలి. రంపలో కాగితం వర్తకుడి వైపు ఉండేది. ఇక్కడ రుజువు చేసే బరువు అటువైపు పడింది.

రెండో మాట పర్సన్. గిరిజనుడు కాని ఏ పర్సన్‌కీ భూమి బదలాయించకూడదని రెగ్యులేషన్. అయితే ప్రభుత్వం పర్సనా? విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చింది. సమత సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, పర్సన్ అంటే ప్రభుత్వం కూడా అని చెప్పింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వడం చెల్లదంది. ఒక్క మాటకి అర్థం తేలడంతో కొండ నిలిచింది. ఇంగ్లీషు ఎందుకు నేర్చుకోవాలని అడిగే తమ్ముళ్ళకి ఈ కేసు చూపించండి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు భాష ఇప్పటికీ ఇంగ్లీషే.

ఎన్‌క్రోచర్

ఆక్రమణదారుడు. పోడు రైతు మీద ఎక్కువగా వాడే మాట. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఆదివాసీలకి చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉంటే హక్కు అడగొచ్చు. అడిగినవాడు క్లెయిమెంట్, హక్కుదారుగా దరఖాస్తు పెట్టుకున్నవాడు. గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ పరిశీలన పూర్తయ్యేదాకా అతన్ని ఖాళీ చేయించకూడదని 4వ సెక్షన్ 5వ సబ్ సెక్షన్.

2019 ఫిబ్రవరి 13న క్లెయిములు తిరస్కరించినవాళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆర్డర్ ఇచ్చింది. ఫిబ్రవరి 28న తనే ఆపింది. తిరస్కరణ పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అన్నదే అప్పుడు ప్రశ్న. కాబట్టి మీ ఊళ్ళో ఎవరి క్లెయిమ్ రిజెక్ట్ అయినా, రాతపూర్వకంగా కారణం అడగండి. అప్పీలుకి 60 రోజుల గడువుంది. ఎవరైనా కాగితం మీద ఎన్‌క్రోచర్ అని రాస్తే, క్లెయిమ్ పెండింగ్‌లో ఉందని పక్కన రాయించండి. రాయకపోతే సంతకం పెట్టొద్దని పెద్దలకి చెప్పండి.

స్టేషన్‌లో, కోర్టులో

ఇవాళ మన ఊళ్ళో ఎవర్నైనా పట్టుకెళ్తే అక్కరకొచ్చే మాటలు ఇవి.

అరెస్ట్: ఎందుకో కారణం చెప్పాలి. దారి ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం.

ఎఫ్‌ఐఆర్: ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి కాపీ ఉచితంగా ఇవ్వాలి.

అక్యూజ్డ్: ఆరోపణ ఉన్నవాడు, అంతే. ఊళ్ళో వాట్సాప్‌లో దొంగ అని పెట్టెయ్యకండి. కన్విక్ట్ అయ్యేదాకా ఆ మాట తప్పు.

కన్ఫెషన్: నేరం ఒప్పుకోలు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో ఆ మనిషి మీద రుజువుగా చెల్లదు.

రిమాండ్: కోర్టు ఆర్డర్‌తో కస్టడీలో ఉంచడం. శిక్ష కాదు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీట్ వెయ్యకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది.

ష్యూరిటీ: పూచీ. బెయిలబుల్ కేసులో వారం లోపల పూచీ ఇవ్వలేనివాణ్ణి పేదవాడిగా భావించి సొంత బాండు మీద వదలాలి.

లీగల్ ఎయిడ్: ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా వకీలు ఉచితం. 1987 చట్టం 12వ సెక్షన్. జిల్లా కోర్టులోనే ఆఫీసుంటుంది.

ఇంటర్‌ప్రెటర్: దుబాసీ. సాక్ష్యం నిందితుడికి తెలియని భాషలో ఉంటే, తెలిసిన భాషలో చెప్పాలని చట్టంలో ఉంది. కోయ, కువి, గోండి తప్ప రాని ముసలాయన బోనులో నిలబడితే ఈ మాట అడగాల్సింది మనమే. మొదట్లో అన్నాను కదా, మధ్యలో నిలబడి అర్థం చెప్పినవాడి మాటే నిజమైందని. ఇక నుంచి ఆ చోట మన పిల్లలు నిలబడాలి.

ఒక పని చేద్దాం. మీ భాషలో సాక్షి, తప్పు, జరిమానా, రాజీకి మీ కుల పెద్దల పంచాయితీలో ఏ మాటలు వాడతారో ఊరి పెద్దల్ని అడిగి రాసి పంపండి. ఇంగ్లీషు మాట పక్కన మన మాట పెట్టి ఒక లిస్టు తయారుచేద్దాం. లా చదివే అక్కలు, అన్నలు అర్థాలు సరిచూడండి. సెలవుల్లో ఊరికెళ్ళినప్పుడు ఒక్కొక్కరు కనీసం పదిమందికి చదివి వినిపించండి.

జై ఆదివాసీ.