బట్టమేకపక్షి – రోళ్ళపాడు హద్దులు

మన పాములపాడుకు దగ్గరలోనే, మిడుతూరు మండలంలో రోళ్ళపాడు గడ్డి మైదానం ఉంది. రెవెన్యూ లెక్కల్లో అటువంటి నేలకు బీడు, బంజరు అన్న పేర్లే నేనెరుగుదును. అక్కడ బట్టమేకపక్షి గుడ్డు పెడుతుందని అడంగల్‌లో ఎక్కించే గడి లేదు.

1980 దశకంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు అక్కడ మకాం వేసి, పక్షులను లెక్కించి, వాటి సంచారాన్ని నమోదు చేశారు. 1988లో ప్రభుత్వం 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించింది.

అయితే పక్షి హద్దులెరుగదు. గడ్డిలో గుడ్డు పెట్టినా, మేతకు చుట్టుపక్కల మెట్ట చేలకు వెళ్ళేది. ఆ చేలకు నీరొచ్చి పైర్లు మారాయి. కరువు సీమలో నీరు వద్దనేదెవరు? లోపల కృష్ణజింకలు పెరిగాయి, బట్టమేకలు కనుమరుగయ్యాయి. నేడు అడవుల్లో, బీళ్ళలో స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తంమీద 200 లోపే.

సర్వే రాళ్ళు పాతేముందు, ప్రాణి తిరిగే మేరనంతా పటంలోకి ఎక్కించాలి.