చేర్చుకోవడం, కలుపుకోవడం: చీరాల పొగాకు కంపెనీ – స్టూవర్టుపురం సెటిల్‌మెంటు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

భిన్న సామాజిక వర్గాలకు సంస్థలో చోటు కల్పించడం నేడు పెద్ద కంపెనీలు తమ నివేదికలలో ప్రత్యేకంగా పేర్కొనే అంశం. దీన్ని చర్చించేటప్పుడు తెలుగులోని రెండు మాటలను వేరుచేసి చూడవలసి ఉంది. ఒకరిని పనిలోకి తీసుకోవడం చేర్చుకోవడం. తమలో ఒకరిగా ఎంచడం కలుపుకోవడం. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉండగలదో తెలిపే ఉదాహరణ శతాబ్దం కిందటి గుంటూరు జిల్లాలోనే లభిస్తుంది. చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐ.ఎల్.టి.డి.)కి, స్టూవర్టుపురం ఎరుకల సెటిల్‌మెంటుకు మధ్య ఏర్పడిన సంబంధాన్ని ఆ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. 1970లో ప్రకాశం జిల్లా (తొలుత ఒంగోలు జిల్లా) ఏర్పడేవరకు చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. ప్రస్తుతం ఈ రెండూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి.

1. నేరముద్ర – పూర్వరంగం

ఎరుకలవారు బుట్టలల్లడం, పందుల పెంపకం, సోది చెప్పడం వంటి వృత్తులతోపాటు తీరప్రాంతపు ఉప్పును పశువులపై లోతట్టు గ్రామాలకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకొనే వర్తకం కూడా చేసేవారు. ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం, రైలుమార్గాల విస్తరణ, అటవీచట్టాలు పందొమ్మిదవ శతాబ్దంలో ఈ జీవనాధారాన్ని దెబ్బతీశాయి. ఈ పరిణామాన్ని మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో (2001) విపులంగా చర్చించారు. బతుకుదెరువు పోయి సంచరించేవారిని పాలకులు అనుమానంతో చూశారు. 1871లో ఉత్తర భారతంలో అమలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఒక వ్యక్తి చేసిన నేరం కాక, అతడు పుట్టిన కులమే నేరానికి ఆధారమని భావించడం ఈ చట్టం సారాంశం.

2. సెటిల్‌మెంటు – కర్మాగారం

చట్టం కిందికి వచ్చినవారిని ఒకచోట స్థిరపరచే బాధ్యతను ప్రభుత్వం పలుచోట్ల క్రైస్తవ సంస్థలకు అప్పగించింది. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్, కృష్ణాతీరాన సీతానగరంలో, బాపట్ల సమీపంలో సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం) ఈ పని చేపట్టాయి. బాపట్ల సమీపంలోని సెటిల్‌మెంటుకు నాటి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. ఆ ఊరి పేరులో అక్కడ నివసించినవారి జాడ లేదు.

స్టూవర్టుపురాన్ని తొలుత వ్యవసాయ కేంద్రంగా తలపెట్టారు. కానీ అక్కడి భూమి అందరికీ తిండి పెట్టగలిగింది కాదు. అదే కాలంలో, 1912లో ఏర్పడిన ఐ.ఎల్.టి.డి. ఈ ప్రాంతంలో పొగాకు వ్యాపారాన్ని విస్తరిస్తున్నది. ఆకును ఏరి రకాలుగా విడదీయడానికి, ఈనె తీయడానికి, ఆరబెట్టి కట్టలు కట్టడానికి ఎందరో కూలీలు కావాలి. పైగా ఇది ఋతువును బట్టి సాగే పని. అవసరమైనప్పుడు రావాలి, లేనప్పుడు ఊరకుండాలి. అటువంటి శ్రామికులు సెటిల్‌మెంటులో సిద్ధంగా ఉన్నారు. స్త్రీలు, పిల్లలతో సహా సెటిల్‌మెంటువాసులు చీరాల కర్మాగారంలో పనికి కుదిరారు. కంపెనీకి కూలీలు దొరికారు, నిర్వాహకులకు తమవారికి ఉపాధి చూపించామనే తృప్తి దక్కింది, ప్రభుత్వానికి నిఘా సులువైంది.

3. ఒకే పని – రెండు స్థితులు

ఊరు వాకిట అడుగుపెట్టనీయని వర్గానికి ఒక పెద్ద కంపెనీ నెలల తరబడి పని, నగదు కూలి ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ మేరకు కర్మాగారం ద్వారం తెరుచుకుంది. అయితే పొగాకు గాదె దగ్గర పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కూలీల స్థితి ఒకటి కాదు. చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చిన కూలీ ఎంత పేదవాడైనా, పని నచ్చకపోతే మానివేయడానికి చట్టం అడ్డురాదు. సెటిల్‌మెంటువాసి అనుమతి లేనిదే నివాసస్థలం విడిచి పోరాదు. పాసు లేకుండా బయట కనబడితే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలలో ఉంచే అధికారాన్ని కూడా చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. పని మానుకొనే స్వేచ్ఛ లేనివాడు కూలి గురించి బేరమాడలేడు. కనుక అతని హాజరును అంగీకారంగా లెక్కించడం చరిత్రను తప్పుగా చదవడమే అవుతుంది.

4. చట్టం రద్దు – మిగిలిన మచ్చ

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో, దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది. చట్టం పోయినా పేరు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసుల చూపు స్టూవర్టుపురంవైపు మళ్ళడం స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. కులం పేరిట అవమానాన్ని చవిచూసిన కవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలత. ఆమె చేసిన పని ఉపాధి చూపడంతో ఆగలేదు. ఆ ఊరివారిని మనుషులుగా చూడమని సమాజాన్ని, పోలీసులను ఒప్పించడం అందులో ప్రధానభాగం. అంటే కంపెనీ తలపెట్టని కర్తవ్యాన్ని ఆరు దశాబ్దాల తర్వాత సంఘసేవకులు నెత్తికెత్తుకోవలసి వచ్చింది. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ చలనచిత్రాలు వచ్చాయి. ఆ ఊరి దొంగల కథ వెండితెర కెక్కింది గాని, పొగాకు ఏరిన స్త్రీల కథ ఇంకా ఎక్కలేదు.

ముగింపు

స్టూవర్టుపురం అనుభవం మూడు ప్రమాణాలను సూచిస్తున్నది. ఒక సంస్థ ఒక వర్గాన్ని నిజంగా కలుపుకున్నదా అని నిర్ణయించడానికి ఎందరిని తీసుకున్నదో చూస్తే చాలదు. వారికి పని మానే స్వేచ్ఛ ఉన్నదా, కూలి గురించి మాట్లాడే నోరు ఉన్నదా, వారి పిల్లలకు ఆ ముద్ర తప్పిందా అని చూడాలి. గుంటూరు మిర్చి గోదాములలో తొడిమలు తీసే స్త్రీల విషయంలోనైనా, జిన్నింగు మిల్లులకు పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చే వలసకూలీల విషయంలోనైనా ఈ ప్రమాణాలు వర్తిస్తాయి. కంపెనీ దస్తావేజులతోపాటు సెటిల్‌మెంటు కుటుంబాల మౌఖిక చరిత్రను సేకరించడం ఈ దిశలో పరిశోధకులు చేయవలసిన తక్షణ కార్యం. చేర్చుకున్నామన్న మాట ఇంతవరకు యాజమాన్యాల రికార్డులలో ఉంది. కలుపుకున్నారో లేదో చెప్పవలసినవారు ఆ కార్మికులే.