తార్నాక సంస్థయు, పల్లెటూరి ఉప్మాయు

ఏఎస్ రావు నగర్ నుండి నాచారము మీదుగా తార్నాక చేరువారి కంటబడు జాతీయ పోషకాహార సంస్థ, 1918లో నీలగిరులయందలి కూనూరున ఒక గదిలో బెరిబెరి పరిశోధనకై జన్మించి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి నామమును దాల్చినది. జొన్నయే ప్రధానాహారమైన దక్కను పేదలను పీడించిన పెల్లాగ్రా వ్యాధి హేతువును ఇచ్చటి శాస్త్రజ్ఞులగు గోపాలన్ ప్రభృతులు అన్వేషించిరి.

అయినను నా దృష్టిలో ఆ సంస్థ చరిత్రయందలి మిక్కిలి మనోహరమైన ఘట్టము ప్రయోగశాలలో గాక పల్లెలలో, అదియు ఉప్మా గిన్నె చుట్టును, జరిగినది. 1987 మొదలు 1990 వఱకు నగరసమీపమునందలి 29 గ్రామములను గైకొని, అంగన్‌వాడీ పథకము అప్పటికే చేరిన 15 పల్లెలలో గర్భిణులకును ఆఱేండ్లలోపు శిశువులకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టుచు, పథకమింకను చేరని 14 పల్లెలతో పోల్చి చూచిరి. దినమునకు గర్భిణికి సుమారు 500 కెలొరీలు, బిడ్డకు 300. ఉప్మాను పరిహసించు నగరవాసులు ఈ లెక్కను ఒక్క పర్యాయము చూడవలయును!

శాస్త్రజ్ఞులు 2003–05 మధ్య మరల ఆ యూళ్లకేగి, కౌమారమునకు వచ్చిన ఆ బిడ్డలను వెదకి పరీక్షింపగా, ఉప్మా అందిన పల్లెలవారు సగటున 14 మిల్లీమీటర్లు అధికముగ ఎదిగిరనియు, వారి ధమనుల కాఠిన్యమును, ఇన్సులిన్ నిరోధమును తక్కువగ నున్నవనియు తేలి, ఆ ఫలితములు 2008లో ప్రకటితములైనవి. పిమ్మట వారి తలిదండ్రులను, తోబుట్టువులను గూడ ఆ పరిశీలనలోనికి చేర్చుకొనిరి.